ఏ రంగు పాపీ పెట్టుకోవాలి? లెస్టర్ నుంచి ఒక పిన్నీసు పాఠం

అక్టోబర్ చివరి వారం వచ్చిందంటే ఇంగ్లండులోని లెస్టర్‌లో మా ఇంటి దగ్గరి సూపర్‌మార్కెట్ గుమ్మం ముందు ఒక మడత బల్ల వేస్తారు. దాని మీద అట్టపెట్టె నిండా ఎర్ర కాగితపు పూలు, పక్కన చిల్లర వేసే డబ్బా. ఆ పూలే పాపీలు, యుద్ధాల్లో పోయినవాళ్ల గుర్తుగా ఇక్కడివాళ్లు ఛాతీ మీద పెట్టుకునేవి. ఏటా మూడు పూటలు ఆ బల్ల వెనక నిలబడే పని నాది. చీర మీద కోటు, కోటు మీద మఫ్లరు, చేతిలో టీ ఫ్లాస్కు. ఈ దేశానికి వచ్చి పంతొమ్మిదేళ్లయింది. బల్ల వెనక చేరి ఎనిమిదేళ్లు.

చదువుకోవడానికి కొత్తగా వచ్చిన తెలుగు పిల్లలు బల్ల దాకా వచ్చి తటపటాయిస్తారు. "ఆంటీ, ఇది మనం పెట్టుకోవచ్చా?" అని అడుగుతారు. "వాళ్ల యుద్ధం కదా, మనకెందుకు?" అని ఇంకొకరు. "తెల్ల పాపీ కూడా ఉందట, అది పెట్టుకుంటే ఆఫీసులో ఏమైనా అనుకుంటారా?" అని మరొకరు. వెనక జనం వేచి ఉండగా ఇన్నిటికీ జవాబు చెప్పడం కుదరదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ముందు పువ్వు సంగతి. ఇది మన గసగసాల మొక్క కాదు, దాని చుట్టం. గసగసాలూ నల్లమందూ ఇచ్చేది వేరే మొక్క. ఇది యూరప్ గోధుమ చేలలో కలుపుగా మొలిచే ఎర్ర పాపీ. దీని విత్తనాలు నేలలో ఏళ్ల తరబడి నిద్రపోతాయి. మట్టి తిరగబడి వెలుతురు తగిలితేనే మొలుస్తాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో బెల్జియం, ఉత్తర ఫ్రాన్స్ నేలలను ఫిరంగి గుండ్లు దున్నినట్టు దున్నేశాయి. సమాధుల మధ్య ఎర్రగా పూసింది. కెనడా సైన్యంలో డాక్టరుగా ఉన్న జాన్ మెక్రే 1915లో ఆ పూల మీద కవిత రాశాడు. అది చదివి అమెరికాలో మొయినా మైకేల్ అనే ఆవిడ పాపీని గుర్తుగా పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఫ్రాన్సు నుంచి అన్నా గెరాన్ అనే ఆవిడ గుడ్డ పూలు కుట్టించి బ్రిటన్ దాకా తెచ్చింది. కవిత రాసింది మగవాడు, దాన్ని ఊరూరా తిప్పింది ఇద్దరు ఆడవాళ్లు. మొదటి పేరు అందరికీ తెలుసు, తర్వాతి రెండూ మా బల్ల దగ్గర పని చేసేవాళ్లకే సరిగా తెలియవు.

ఎరుపు: ఎలా పెట్టుకోవాలి

1921లో మాజీ సైనికుల సంఘమైన రాయల్ బ్రిటిష్ లీజన్ మొదటిసారి అమ్మినప్పుడు తొంభై లక్షల పూలు చెల్లిపోయి, లక్షా ఆరు వేల పౌండ్లు వచ్చాయి. మరుసటి ఏడు యుద్ధంలో కాళ్లూ చేతులూ పోగొట్టుకున్నవాళ్లతో ఇక్కడే పూలు చేయించడం మొదలైంది. ఆ డబ్బు మాజీ సైనికులకు, వాళ్ల కుటుంబాలకు వెళుతుంది. దీనికి ధర లేదు, డబ్బాలో మీకు తోచింది వేయండి. ఇరవై పెన్స్ వేసి సిగ్గుపడే పిల్లలను చూస్తుంటాను, అక్కర్లేదు.

ఎడమవైపా, కుడివైపా అని ప్రతి ఏడూ గొడవే. ఆడవాళ్లు కుడివైపు పెట్టుకోవాలని, ఆకు గడియారంలో పదకొండు గంటల ముల్లులా వాలి ఉండాలని ఫోన్లలో సందేశాలు తిరుగుతాయి. అలాంటి నియమం ఏదీ లేదని లీజనే చెబుతుంది. ఆకు లేని పువ్వు కనిపిస్తే విరిగిందనుకోకండి, స్కాట్లండ్ పాపీకి నాలుగు రేకులుంటాయి, ఆకు ఉండదు.

నియమం లేకపోయినా కిటుకు ఉంది. 2023 నుంచి ఈ పువ్వులో ప్లాస్టిక్ లేదు, అంతా కాగితమే. వానకు మెత్తబడుతుంది, గాలికి ఊడిపోతుంది. పువ్వుతో ఇచ్చే గుండుసూదిని ఒక్కసారి గుచ్చి వదిలేస్తే బస్సెక్కే లోపే పోతుంది. కోటు గుడ్డను చిన్న మడత పెట్టి, సూదిని లోపలికీ బయటికీ రెండుసార్లు పోనివ్వండి. చీర మీదైతే కొంగు మడతల్లో, జాకెట్టుకు కలిపి చిన్న పిన్నీసు పెట్టుకోండి. పట్టు చీర మీద మాత్రం వద్దు. ఒక నవంబర్‌లో నా గద్వాల చీరకు పడిన చిల్లు ఇప్పటికీ అలాగే ఉంది.

అక్టోబర్ ఆఖరి నుంచి నవంబర్ 11 దాకా పెట్టుకుంటారు. ఆ రోజు ఉదయం పదకొండు గంటలకు రెండు నిమిషాల మౌనం. 1918లో కాల్పులు ఆగిన గంట అది. రెండో ఆదివారం స్మారకాల దగ్గర మళ్లీ మౌనం. దుకాణంలో ఉన్నా, బస్టాండులో ఉన్నా ఉన్నచోట ఆగితే చాలు. దండం పెట్టక్కర్లేదు, సెల్యూట్ చేయక్కర్లేదు. ఫోను మోగకుండా చూసుకోండి.

ఒక సంగతి గుర్తుంచుకోండి. పెట్టుకోకపోవడం తప్పేమీ కాదు. ఉత్తర ఐర్లండ్ నుంచి వచ్చిన మా పక్కింటాయన ఎన్నడూ పెట్టుకోడు, ఆయన కారణాలు ఆయనవి. చైనావాళ్లకు ఈ పువ్వు బ్రిటన్ తమ మీద చేసిన నల్లమందు యుద్ధాలను గుర్తుచేస్తుంది. 2010లో బ్రిటన్ ప్రధాని కామెరాన్ బీజింగ్ వెళ్లినప్పుడు తీసేయమని అక్కడివాళ్లు అడిగారు, ఆయన తీయలేదు. ఎవరి ఛాతీ మీద ఏముందో చూసి మనిషిని కొలవకండి.

తెలుపు, ఊదా, నలుపు

ఎరుపు పక్కన తెలుపు వచ్చింది 1933లో. తెచ్చింది కోఆపరేటివ్ విమెన్స్ గిల్డ్, అంటే శ్రామిక కుటుంబాల ఆడవాళ్ల సంఘం. వాళ్లలో చాలామంది మొదటి యుద్ధంలో భర్తలనో, కొడుకులనో, అన్నదమ్ములనో పోగొట్టుకున్నవాళ్లే. ఎర్ర పువ్వు నడిబొడ్డున అప్పట్లో 'హేగ్ ఫండ్' అని ఉండేది. ఆ హేగ్ ఎవరంటే, వాళ్ల మగవాళ్లను సోమ్ నది ఒడ్డున తుపాకుల ఎదురుగా నడిపించిన సేనాని. ఆ పేరు 1994 దాకా పువ్వు మీద ఉంది. ఆ ఆడవాళ్లకు అది ఎక్కడ గుచ్చుకుందో వేరే చెప్పాలా? తెల్ల పువ్వు అన్ని దేశాల మృతులకు, సైనికులతో పాటు మామూలు జనానికి కూడా, మళ్లీ యుద్ధం వద్దనడానికి గుర్తు. ఇప్పుడు యుద్ధాన్ని వ్యతిరేకించే పీస్ ప్లెడ్జ్ యూనియన్ అనే సంఘం దాన్ని పంచుతోంది. 1986లో అప్పటి ప్రధాని మార్గరెట్ థాచర్ దాని మీద పార్లమెంటులోనే అయిష్టం వెళ్లగక్కింది. దాంతో అప్పటిదాకా దాని పేరే విననివాళ్లకు కూడా అది తెలిసిపోయింది.

ఆఫీసులో ఏమంటారంటే, అడుగుతారు. "ఎర్రది కూడా గౌరవమే, నాది మామూలు జనానికి కూడా" అని ఒక్క ముక్క చెప్పండి. రెండూ పక్కపక్కన పెట్టుకునేవాళ్లున్నారు, నేనూ కొన్నేళ్లు పెట్టుకున్నాను. బల్ల వెనక నిలబడే పూట మాత్రం ఎర్రదే. అక్కడ నిలబడి తెల్లది పెట్టుకోవడం పెళ్లికొడుకు తరఫున వెళ్లి పెళ్లికూతురి వైపు పంక్తిలో కూర్చున్నట్టు ఉంటుందని నా అభిప్రాయం.

ఊదా రంగు జంతువులకు. 2006లో యానిమల్ ఎయిడ్ అనే సంస్థ మొదలుపెట్టింది. మొదటి యుద్ధంలో ఎనభై లక్షల గుర్రాలు, గాడిదలు, కంచర గాడిదలు చచ్చాయని చెబుతారు. కొన్నేళ్లకు ఆ సంస్థే ఆ పువ్వును మానేసి పంజా గుర్తు తెచ్చింది. జంతువులు వీరులు కావు, వాటిని అడిగి ఎవరూ తీసుకెళ్లలేదు, జనం మాత్రం వీరత్వమే చెప్పుకుంటున్నారన్నది వాళ్ల బాధ. ఇప్పుడు వేరేవాళ్లు అమ్ముతున్నారు. లండన్ హైడ్ పార్కు పక్కన జంతువుల స్మారకం ఉంది, బరువు మోస్తున్న రెండు కంచు కంచర గాడిదలు. పిల్లలతో వెళితే ముందు అక్కడికి వెళ్లండి. పెద్ద మాటలేవీ అక్కర్లేకుండా వాళ్లకు అర్థమవుతుంది.

నల్ల పాపీ గులాబీ 2010లో వచ్చింది. ఆఫ్రికా, కరీబియన్, పసిఫిక్ దీవుల మనుషుల కోసం సెలీనా కార్టీ అనే ఆవిడ మొదలుపెట్టింది. తూర్పు ఆఫ్రికాలో సైన్యం సామాను మోసిన కూలీలు లక్షకు దగ్గరగా చనిపోయారు. తుపాకీ తూటాకు కాదు, ఎక్కువమంది జ్వరాలకూ ఆకలికీ. మా వార్డులో పనిచేసే జమైకా ఆవిడ ఏటా ఈ గులాబీనే పెట్టుకుంటుంది. 'ఎర్రదాంట్లో మా తాత కూడా ఉన్నాడని అంటారు, మరి ఫోటోల్లో ఎక్కడ?' అన్నది ఆవిడ ప్రశ్న.

ఇన్నేళ్లు బల్ల వెనక నిలబడి నేను గమనించింది ఇదే. ఒక రంగు పువ్వులో చోటు దొరకని వాళ్లెవరో ఉంటారు. వాళ్ల తరఫువాళ్లు ఇంకో రంగు తెస్తారు. కాబట్టి రంగు ఎంచుకునే ముందు మీరు ఎవరిని తలుచుకుంటున్నారో తేల్చుకోండి. రంగు దానంతట అదే తేలుతుంది.

మన గుడ్డ

2018లో, మొదటి యుద్ధం ముగిసిన నూరేళ్లకు, లీజన్ ఖాదీ పాపీ తెచ్చింది. ఎర్ర ఖద్దరు గుడ్డతో చేసింది. అవిభక్త భారతం నుంచి ఆ యుద్ధానికి వెళ్లిన 13 లక్షల మందికి పైగా సైనికులు, కూలీల గుర్తుగా. అందులో 74 వేల మంది తిరిగి రాలేదు. విదేశీ పాలనను ఎదిరించడానికి రాట్నం మీద వడికిన గుడ్డ, ఆ పాలన కోసం పోరాడినవాళ్ల గుర్తుగా మారడం చూసి నాకు మొదట నవ్వొచ్చింది. ఆ తర్వాత గాంధీగారే 1918లో ఖేడా జిల్లా పల్లెలు తిరిగి సైన్యంలో చేరమని అడిగారని గుర్తొచ్చి నవ్వు ఆగింది. చరిత్ర ఖద్దరులాగే, నున్నగా ఉండదు. నేను కోటుకు పెట్టుకునేది ఇదే. గుడ్డది కాబట్టి వానకు తట్టుకుంటుంది కూడా.

"పంజాబీలు వెళ్లారు, మనవాళ్లు వెళ్లలేదు కదా" అని మన వాళ్లే అంటారు. సగం నిజం. ఒకప్పుడు కుంపిణీ సైన్యంలో తెలుగువాళ్లు ఎంతమంది ఉండేవారంటే, 1857లో ఢిల్లీ జనం సిపాయి ఏ ఊరివాడైనా 'తిలంగా' అనేవారు. అలాంటి పేరున్న జాతిని పందొమ్మిదో శతాబ్దం చివరికి, 'యుద్ధ జాతులు' అనే సిద్ధాంతం కింద, దొరలు పోరాటానికి పనికిరారని పక్కన పెట్టారు. అయినా సైన్యానికి దారులూ వంతెనలూ వేసే మద్రాస్ సాపర్స్‌లో, కూలీ దళాల్లో మనవాళ్లున్నారు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని మిలటరీ మాధవరమని ఊరికే అనరు. ఢిల్లీలో తీన్‌మూర్తి అనే మూడు కంచు సైనికుల్లో ఒకడు హైదరాబాద్ లాన్సర్, అంటే ఈటె పట్టిన గుర్రపు సైనికుడు. మిగతా ఇద్దరు మైసూరు, జోధ్‌పూర్. 1918లో ఇప్పటి ఇజ్రాయెల్‌లోని హైఫా పట్టణాన్ని గుర్రాల మీద వెళ్లి పట్టుకున్న బ్రిగేడ్ వీళ్లదే. హైదరాబాద్ నిజాం ఇచ్చిన డబ్బుతో కొన్న విమానాలు ఎగిరిన 110వ స్క్వాడ్రన్‌కు 'హైదరాబాద్' పేరు పెట్టారు. నిజాం డబ్బుకు పేరు దక్కింది. ఆ డబ్బు పండించిన తెలంగాణ రైతుకు ఏ రంగు పువ్వు పెట్టాలో నన్ను అడగకండి.

పేరు వెతకడం

పువ్వు పెట్టుకోవడం ఒక నిమిషం పని. అసలు పని ఇది, ఒక సాయంత్రం పడుతుంది.

కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో రెండు యుద్ధాల్లో పోయిన 17 లక్షల మంది పేర్లున్నాయి, వెతకడానికి డబ్బు కట్టక్కర్లేదు. మన పేర్లకు కొన్ని మెలకువలు కావాలి. ఇంటిపేరు సాధారణంగా ఉండదు. అప్పలస్వామి అనే ఒక్క పేరుంటే దాన్నే ఇంటిపేరు గడిలో వేస్తారు, కాబట్టి ఆ గడిలోనే వెతకండి. స్పెల్లింగు రాసిన దొర చెవికి ఎలా వినిపిస్తే అలా ఉంటుంది. ఒత్తులు తీసి ఒకసారి, చివరి 'డు' తీసి ఒకసారి, 'లు' కలిపి ఒకసారి ప్రయత్నించండి. అదనపు సమాచారం అనే గడిలో తండ్రి పేరు, ఊరు, జిల్లా ఉంటాయి. అక్కడ ఈనాటి పేర్లు కొడితే ఏమీ రాదు. విశాఖపట్నం బదులు విజగపటం, కాకినాడ బదులు కొకనాడ, విజయవాడ బదులు బెజవాడ, కృష్ణా బదులు కిస్ట్నా, మచిలీపట్నం బదులు మసులీపటం అని అప్పటి ఇంగ్లీషు స్పెల్లింగులో కొట్టండి. రెండో యుద్ధమైతే బర్మాలోని రంగూన్ స్మారకం కింద చూడండి, అక్కడ దాదాపు 27 వేల పేర్లున్నాయి.

దొరకకపోతే మీ వెతుకులాటదే లోపం అనుకోకండి. 2021లో ఆ కమిషనే ఒప్పుకుంది: మొదటి యుద్ధంలో పోయిన ఆసియా, ఆఫ్రికా మనుషుల్లో కనీసం లక్షా 16 వేల మంది, బహుశా మూడున్నర లక్షల దాకా, పేరుతో గానీ, అసలే గానీ గుర్తుకు నోచుకోలేదని. ఇరాక్‌లోని బస్రా స్మారకంలో దొరల పేర్లు రాతి మీద చెక్కారు. మామూలు భారతీయ సైనికులకు పేర్లు లేవు, ఏ పటాలంలో ఎంతమంది అన్న లెక్క మాత్రం ఉంది.

ఆ లెక్కలోకి కూడా రానివాళ్లు నా ఇంట్లోనే ఉన్నారు. మా అమ్మమ్మ వాళ్ల నాన్న కాకినాడ పక్క పల్లె నుంచి తమ్ముడితో కలిసి రంగూన్ వెళ్లాడు. అప్పట్లో రంగూన్‌లో సగానికి పైగా జనం భారతీయులే. రేవులో బస్తాలు మోసే తెలుగువాళ్లను అక్కడ 'కోరంగీలు' అనేవారు. మన కోరంగి రేవు పేరే. 1941 డిసెంబర్ 23న జపాన్ బాంబులు పడ్డాయి. రేవు పని ఆగితే సైన్యానికి సామాను దిగదు. ఆ సామాను దించిన చేతులు వీళ్లవి. వాళ్లకు యూనిఫారం లేదు, పెన్షను లేదు. 1942లో ఊరు ఖాళీ అవుతుంటే ఓడల్లో, విమానాల్లో చోటు ముందు తెల్లవాళ్లకు దొరికింది. మిగిలిన లక్షల మంది కాలినడకన బయల్దేరారు. బర్మాలోనే ప్రోమ్ అనే ఊరి దగ్గర కలరా తగిలింది. అన్న అరకాన్ కొండలు దాటి చిట్టగాంగ్ చేరాడు. తమ్ముడు చేరలేదు. అదే ఏడు ఏప్రిల్ 6న కాకినాడ మీద, విశాఖ మీద కూడా జపాన్ విమానాలు బాంబులు వేశాయి. తప్పించుకుని వచ్చిన ఊళ్లోనూ అదే చప్పుడు.

ఎక్కడికి వెళ్లాలి

లండన్‌లో కాన్‌స్టిట్యూషన్ హిల్ మొదట్లో మెమోరియల్ గేట్స్ ఉన్నాయి, 2002లో కట్టారు. భారత ఉపఖండం, ఆఫ్రికా, కరీబియన్ నుంచి వెళ్లిన యాభై లక్షల మంది కోసం. నాలుగు స్తంభాలు, పక్కన చిన్న చత్రి. అందరూ లండన్‌లోని పెద్ద యుద్ధ స్మారకం సెనొటాఫ్ దగ్గరే గుమిగూడతారు కాబట్టి ఇక్కడ నిలబడడానికి చోటు దొరుకుతుంది. బ్రైటన్‌లో మొదటి యుద్ధంలో గాయపడిన భారతీయులకు రాజప్రాసాదాన్నే ఆసుపత్రి చేశారు. అక్కడ చనిపోయిన హిందువులను, సిక్కులను ఊరి బయట కొండ మీద దహనం చేశారు. ఆ చోట 1921 నుంచి తెల్లరాతి చత్రి ఉంది. కారు దిగాక పొలాల వెంట చాలాసేపు నడవాలి, బూట్లు వేసుకోండి. చెప్పులతో వెళ్లి నేను పడ్డ బురద నాకు తెలుసు.

లెస్టర్‌వాళ్లకు అంత దూరం అక్కర్లేదు. విక్టోరియా పార్కులోని స్మారక తోరణాన్ని 1925లో ఆవిష్కరించారు. కట్టింది లుట్యెన్స్, ఢిల్లీలో ఇండియా గేట్ గీసిన మనిషే. కాస్త దూరంలో నిలబడి చూస్తే పోలిక తెలిసిపోతుంది. 2022లో అదే పార్కులో సిక్కు సైనికుడి విగ్రహం కూడా నిలిపారు. మా వాళ్లం నవంబర్ రెండో ఆదివారం అక్కడికే వెళతాం.

గడ్డిలో గుచ్చే చిన్న చెక్క గుర్తులు లీజన్ దగ్గర దొరుకుతాయి. సిలువ ఒక్కటే ఉంటుందనుకుని చాలామంది తీసుకోరు. హిందూ, సిక్కు, ముస్లిం గుర్తులున్నవి, ఏ మతమూ లేనివి కూడా ఉంటాయి, అడగాలి. నవంబర్‌కు చాలా ముందే తెప్పించుకోండి. దాని మీద పేరు రాయాలి. బాల్ పెన్నుతో రాస్తే రెండు వానలకు పోతుంది, చెరగని మార్కరు వాడండి. తెలుగులో రాయొచ్చా అని నన్నొక అమ్మాయి అడిగింది. రాయొచ్చు, ఎవరూ వద్దనరు.

నేను ఏ మతమూ లేని చెక్కే తీసుకుంటాను. రంగూన్ నుంచి రాని ఆ తమ్ముడి పేరు మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. అమ్మమ్మ బతికున్నన్నాళ్లూ వరస పెట్టే పిలిచింది, మేమెవరమూ అడగలేదు. అందుకని నల్ల మార్కరుతో, తెలుగులో, 'అమ్మమ్మ వాళ్ల బాబాయి, రంగూన్ రేవు' అని రాసి, ఖాదీ పువ్వును దానికి పిన్నీసుతో పెట్టి వస్తాను.